మిగిలిన టర్కీ, మరిగే గంబో

పిల్లలూ, ఇవాళ్టి కబురు వంటింటిదే గానీ మన ఊరి వంటింటిది కాదు. అమెరికా దక్షిణాన మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట లూయిసియానా అనే రాష్ట్రం ఉంది. అక్కడ నవంబరు నెల నాలుగో గురువారం వెళ్లిన మర్నాడు చాలా ఇళ్లలో ఒకటే వంట. ముందురోజు పండక్కి కాల్చిన టర్కీ కోడిలో మిగిలిన మాంసంతో, ఎముకలతో గంబో వండుతారు. మిగిలినదాన్ని వేడిచేసుకుని తినడం లోకమంతా చేసేదే. కానీ మిగిలిన మాంసానికి ఉండే లోపాలన్నిటికీ ఒక్క గిన్నెలో విరుగుడు చూపించే వంట ఇంత చక్కటిది నేను ఇంకోటి చూడలేదు. అందులో రసాయనశాస్త్రం ఉంది, భౌతికశాస్త్రం ఉంది, చివర్లో కాస్త సూక్ష్మజీవుల లెక్క కూడా ఉంది.

ఆ గురువారం పేరు థాంక్స్‌గివింగ్. పంట చేతికొచ్చాక కృతజ్ఞత చెప్పుకునే పండగ. 1863లో అంతర్యుద్ధం జరుగుతుండగానే, నవంబరు ఆఖరి గురువారం నాడు దేశమంతా ఈ పండగ జరుపుకోవాలని అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ప్రకటించాడు. 1941లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి నాలుగో గురువారమని ఖాయం చేసింది. ఆ రోజు భోజనంలో టర్కీ కోడి ఉండాల్సిందే. ఆ పక్షి అమెరికా ఖండానిదే. మెక్సికో ప్రాంతపు ప్రాచీన ప్రజలు దాన్ని మచ్చిక చేసి పెంచారు. మామూలుగా ఓవెన్‌లోకి వెళ్లేది ఆరేడు కిలోల పక్షి కాబట్టి, నలుగురైదుగురు ఉన్న ఇంట్లో అది ఒక్క పూటలో అయిపోయేది కాదు. భోజనం కాగానే నిద్ర ముంచుకొస్తే, టర్కీలో ట్రిప్టోఫాన్ ఎక్కువ గనక నిద్రొస్తుందని చాలామంది చెబుతారు. అది నమ్మకండి. మామూలు కోడిలోనూ ఆ అమైనో ఆమ్లం దాదాపు అంతే ఉంటుంది. పీకలదాకా తిన్న భోజనం చాలు నిద్ర రావడానికి.

మా అమ్మాయి వాళ్లు లూయిసియానా రాజధాని బేటన్ రూజ్‌లో ఉంటారు. నేను అక్కడున్నప్పుడు పండగ మర్నాడు పొద్దున మా మనవరాలు ఫ్రిజ్‌లోంచి టర్కీ రొమ్ము ముక్క ఒకటి తీసి, మైక్రోవేవ్‌లో వేడిచేసి, ఒక్కసారి కొరికి మొహం చిట్లించింది. “తాతయ్యా, నిన్న ఎంత బావుంది! ఇవాళ పీచు పీచుగా ఉంది. పైగా అట్ట వాసన వస్తోంది. రాత్రికి రాత్రి దీనికేమైంది?” అంది. చాలా మంచి ప్రశ్న. ‘అట్ట వాసన’ అన్నది కూడా సరైన మాటే. పాత మాంసపు వాసనను వర్ణించేటప్పుడు ఆహార శాస్త్రజ్ఞులూ ఆ మాటే వాడతారు.

ముందు పీచు సంగతి చూద్దాం. పచ్చి మాంసంలో నూటికి 75 పాళ్ల దాకా నీరే. వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి కండలోని ప్రొటీన్ల రూపు మారడం మొదలవుతుంది. 65, 70 డిగ్రీలు దాటాక అవి బాగా ముడుచుకుపోయి నీటిని బయటికి నెట్టేస్తాయి. రోగకారక సూక్ష్మజీవులు చావాలంటే పక్షి లోపలి భాగం 74 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. కాబట్టి జాగ్రత్తగా కాల్చిన మాంసం కూడా పళ్లెంలోకి వచ్చేసరికే కొంత నీరు పోగొట్టుకుని ఉంటుంది. మర్నాడు దాన్ని ఒట్టిగా మళ్లీ వేడిచేస్తే ఉన్న నీరూ పోతుంది. రొమ్ము మాంసానికి ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే అందులో కొవ్వు తక్కువ. తొడ మాంసం కొంత నయం. టర్కీ రోజంతా కాళ్లమీద తిరిగే పక్షి. ఎప్పుడూ పనిచేసే కాలి కండకు ఆక్సిజన్ నిల్వ కావాలి. ఆ నిల్వను పట్టి ఉంచే ప్రొటీన్ పేరు మయోగ్లోబిన్. అందులో ఇనుము ఉంటుంది. తొడ మాంసపు ముదురు రంగు దాని వల్లనే. ఆ కండల్లో కొవ్వూ, బంధన కణజాలమూ ఎక్కువ కనుక రెండోసారి వేడి చేసినా నోటికి మెత్తగానే తగులుతుంది.

ఇక అట్ట వాసన. దీని వెనక కథ ఇంకా లోతైనది. కండ కణాల పొరల్లో ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు ఉంటాయి. పక్షి మాంసంలో ఇవి బాగా అసంతృప్తమైనవి, అంటే ఆక్సిజన్ తగిలితే తేలిగ్గా విరిగిపోయేవి. మాంసం ఉడికినప్పుడు ఈ పొరలు చిరిగిపోతాయి. అదే సమయంలో మయోగ్లోబిన్ చెదిరి దాని ఇనుము బయటపడుతుంది. కొవ్వూ, ఆక్సిజనూ, పక్కనే ఇనుమూ చేరితే ఆక్సీకరణం జోరందుకుంటుంది. ఫ్రిజ్‌లో చల్లగా ఉన్నా ఆగదు, నెమ్మదిస్తుందంతే. కొవ్వులు విరిగి హెక్సనల్ వంటి చిన్న అణువులు పుడతాయి. మా మనవరాలి ముక్కుకు తగిలింది అవే. 1958లో టిమ్స్, వాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు వండి నిలవ ఉంచిన మాంసంలో వచ్చే ఈ మార్పును ప్రత్యేకంగా గుర్తించి రాశారు. ఈ విరగడాన్ని అడ్డుకునే శక్తి విటమిన్ ఇ కి ఉంది. కానీ టర్కీ తన కండల్లో ఆ విటమిన్‌ను మామూలు కోడి దాచుకున్నంతగా దాచుకోలేదు. అందుకే మిగిలిన కోడికూర కన్నా మిగిలిన టర్కీకి వాసన త్వరగా వస్తుంది.

“అయితే పారెయ్యాలా తాతయ్యా?” అంది. “వద్దమ్మలూ, పక్కింటి ఆవిడ గంబో పెడుతున్నారుగా, చూసొద్దాం పద” అన్నాను. ఆ పెద్దావిడ అదే రాష్ట్రంలోని లఫాయెట్ వైపు పుట్టి పెరిగిన మనిషి. మమ్మల్నిద్దరినీ పొయ్యి పక్కనే కూర్చోబెట్టుకుని, అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబు చెబుతూ వండారు.

గంబో అంటే అన్నం మీద పోసుకుని తినే చిక్కటి మాంసపు పులుసు అనుకోండి, చింతపండు లేకుండా. ఆ గిన్నెలో మూడు ఖండాల వాళ్ల చేతి పని ఉంది. ఆ రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని 1718లో ఫ్రెంచివాళ్లు కట్టారు. కొవ్వులో పిండి వేయించి చిక్కదనం తెచ్చే పద్ధతి వాళ్లది. అలా వేయించిన ముద్దను రూ అంటారు. బానిసలుగా ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషుల వంటలోంచి బెండకాయ అక్కడి గిన్నెలోకి వచ్చింది. అక్కడి మూలవాసులైన చోక్టా జాతివాళ్లు ససాఫ్రాస్ చెట్టు ఆకులు ఎండబెట్టి దంచిన పొడి ఇచ్చారు. దాని పేరు ఫీలే. 1755 నుంచి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతంలో ఉన్న ఫ్రెంచి రైతులను బ్రిటిష్‌వాళ్లు వెళ్లగొడితే, వాళ్లలో చాలామంది చివరికి లూయిసియానా చిత్తడి నేలల్లో స్థిరపడ్డారు. వాళ్ల సంతతే కేజన్లు. పక్కింటి పెద్దావిడ ఆ సంతతే. మూలవాసులూ, సొంత ఊళ్లనుంచి తెగిపోయి వచ్చినవాళ్లూ కలిసి చేసిన వంటను 2004లో ఆ రాష్ట్రం తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. ఆ గౌరవం దానికి తగినదే.

ముందు ఎముకల పని. గంబో రుచి సగం ఇక్కడే తయారవుతుంది. పండగ రాత్రే మాంసం ఒలిచి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎముకల గూడు, రెక్కల చివర్లు, మెడ, మిగిలిన తోలు మర్నాడు పెద్ద గిన్నెలో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, ఉల్లిపాయ చెక్కులు, సెలెరీ కాడల మొదళ్లు పడేసి రెండు మూడు గంటలు సన్న సెగన ఉంచుతారు. తెర్లనివ్వరు. తెర్లితే కొవ్వు సన్నటి బొట్లుగా విడిపోయి నీటిలో కలిసిపోతుంది, రసం మబ్బుగా తయారవుతుంది. అప్పుడప్పుడు ఒక బుడగ పైకి వస్తే చాలు.

ఆ రెండు మూడు గంటల్లో జరిగేది కొల్లాజెన్ కరగడం. కీళ్లలో, తోలులో, ఎముకలను పట్టి ఉంచే స్నాయువుల్లో ఉండే గట్టి ప్రొటీన్ ఇది. దీని అణువు మూడు పాయలు అల్లిన జడ. తడి వేడి చాలాసేపు తగిలితే అల్లిక వదులై మూడు పాయలూ విడిపోతాయి. విడిపోయిన పాయ పేరు జెలటిన్. వేడి నీటిలో జెలటిన్ కరిగి ఉంటుంది. చల్లారాక ఈ పాయలు ఒకదానికొకటి చిక్కుకుని వల కడతాయి, ఆ వల మధ్య నీరు ఇరుక్కుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన టర్కీ రసం గిన్నె వంచితే ఒలక్కుండా వణికేది అందుకే. వేడి గంబోలో జెలటిన్ గట్టిపడదు గానీ పెదవులకు సన్నగా అంటుకునే నిండుదనం ఇస్తుంది. నీరు పోయి పీచుపట్టిన రొమ్ము మాంసం చుట్టూ ఈ రసం చేరి, నోట్లో ఆ ఎండుదనం తెలియనివ్వదు. కోల్పోయిన నీరు మళ్లీ కండలోకి చేరదు, కానీ నాలుకకు కావలసిన తడి అందుతుంది.

ఇప్పుడు రూ. మా మనవరాలు కళ్లార్పకుండా చూసింది దీన్నే. అడుగు మందంగా ఉన్న ఇనుప గిన్నెలో ఒక కప్పు నూనె, వేడెక్కాక ఒక కప్పు మైదా. అక్కడి నుంచి ముప్పావు గంట సేపు పెద్దావిడ చెక్క గరిటెను ఆపలేదు. గుండ్రంగా కాదు, అడుగంతా గీరేలా అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు. మొదట తెల్లటి ముద్ద చిన్న చిన్న బుడగలు వేసింది, అది పిండిలో మిగిలిన తడి ఆవిరవడం. పది నిమిషాలకు బుడగలు తగ్గి, పచ్చిపిండి వాసన పోయి, లేత పసుపు రంగు వచ్చింది. ఇంకాసేపటికి వేరుశనగలు వేగుతున్న వాసన, తర్వాత పాత రాగి రంగు, ఆఖరికి చాక్లెట్ రంగు, కాఫీ గింజల వాసన. చివరి ఐదు నిమిషాలూ ఆవిడ మాట్లాడలేదు. రంగునే చూస్తున్నారు.

నీటిలో పిండి ఎంతసేపు ఉడికించినా ఈ రంగు రాదు. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీలు దాటదు. నూనెకు ఆ హద్దు లేదు. అందులో పిండి 180 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. ఆ వేడికి పిండిలోని ప్రొటీన్ల తాలూకు అమైనో ఆమ్లాలు, చక్కెరలతో కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి. 1912లో లూయీ కామీ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ చర్యను వివరించాడు. అందుకే దానికి మయ్యార్ చర్య అని పేరు. 1953లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో పనిచేసే జాన్ హాడ్జ్ ఇందులోని మెట్లను వరుసగా విడదీసి చూపించాడు. దోసె అంచు ఎర్రబడటం, వేగిన వేరుశనగ వాసన, కాఫీ గింజ రంగు అన్నీ ఈ చర్యే. ఆ వాసనల్లో పైరజీన్లు అనే అణువులు ఉమ్మడిగా ఉంటాయి. అందుకే గోధుమపిండి వేగుతుంటే వేరుశనగ గుర్తొస్తుంది.

రూ ముదిరేకొద్దీ ఒక లాభం, ఒక నష్టం. నష్టం చిక్కదనానిది. గోధుమపిండిలో ఎక్కువ భాగం స్టార్చే. తడి వేడి తగిలితే స్టార్చి రేణువులు నీరు పీల్చి ఉబ్బి రసాన్ని చిక్కబరుస్తాయి. నూనెలో ఎక్కువసేపు వేగితే స్టార్చి గొలుసులు తెగి పొట్టివవుతాయి, పొట్టి గొలుసులకు నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ. తెల్ల రూ ఒక చెంచా చేసే పని చాక్లెట్ రంగు రూ చెంచాతో కాదు. అందుకే గంబోకు కప్పులకొద్దీ రూ కావాలి, చాలనప్పుడు బెండకాయో ఫీలేయో తోడు కావాలి. లాభం మాత్రం మా మనవరాలు అడిగిన అట్ట వాసనకు సంబంధించింది. మయ్యార్ చర్యలో పుట్టే పదార్థాల్లో కొన్ని ఆక్సీకరణాన్ని అడ్డుకుంటాయి. మిగిలిన మాంసం ఈ ముదురు రసంలో మునిగాక గాలి తగలడం తగ్గుతుంది, కొవ్వులు విరగడమూ నెమ్మదిస్తుంది. అప్పటికే పుట్టిన కాస్త వాసన రూ సువాసనలో కలిసిపోతుంది. రెండో రోజు గంబో మొదటి రోజు కన్నా బాగుంటుందని అక్కడివాళ్లు అంటే అది ఉత్త మాట కాదు.

ఒక్క మాట, పిల్లలూ. రూ వేగుతున్నప్పుడు పొయ్యికి దూరంగా ఉండండి. నీళ్లు చిందితే జారిపోతాయి. ఇది జిగటగా చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. అక్కడి వంటవాళ్లు దీన్ని కేజన్ నేపామ్ అంటారు, యుద్ధంలో నిప్పుబాంబుల్లో వాడిన జిగట ఇంధనం పేరది. ఇంకో సంగతి. నల్లటి చుక్కలు కనిపించాయంటే పిండి మాడినట్టే. ఆ చేదు ఎన్ని నీళ్లు పోసినా పోదు. పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే దారి. వెన్నతో కూడా ముదురు రూ చేయకండి, వెన్నలోని పాల ప్రొటీన్లు పిండి కన్నా ముందే మాడతాయి.

చాక్లెట్ రంగు రాగానే పెద్దావిడ తరిగి ఉంచుకున్న ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం ఒక్కసారిగా గిన్నెలో కుమ్మరించారు. చుయ్యిమని ఇల్లంతా ఆవిరి. ఈ మూడింటినీ అక్కడ పవిత్ర త్రయం అంటారు. రుచి కోసమే వేస్తారని మా అమ్మాయి అనుకునేది. అందులో ఇంకో మర్మం ఉంది. ఈ కూరల్లో నూటికి 90 పాళ్లు, ఇంచుమించుగా, నీరే. గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కెలొరీల వేడి లాక్కుంటుంది. ఆ వేడి ఇచ్చేది రూ. క్షణాల్లో దాని ఉష్ణోగ్రత పడిపోయి మాడటం ఆగిపోతుంది. పొయ్యి ఆపినా ఇనుప గిన్నె వేడికి రూ నల్లబడుతూనే ఉంటుంది, కూరలు వేస్తేనే నిలుస్తుంది. తరిగిన కూరలు పక్కన సిద్ధంగా పెట్టుకోకుండా రూ మొదలుపెట్టకూడదు.

ఆ తర్వాత వేడి టర్కీ రసాన్ని గరిటె గరిటె పోస్తూ కలిపారు. పొడి పిండిని వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, పైపొర ముందు ఉడికి లోపలికి నీరు పోనివ్వదు గనక. రూలో ప్రతి పిండి రేణువు చుట్టూ నూనె పట్టి ఉంటుంది కాబట్టి రేణువులు విడివిడిగా విచ్చుకుంటాయి, ఉండ కట్టవు. పొగబెట్టిన ఆండూయీ సాసేజ్ చక్రాలు, ఎండు మిరప కారం, మిరియాలు, బే ఆకు వేసి గంటసేపు సన్న సెగన మరగనిచ్చి పైకి తేలిన నూనె తీసేశారు. టర్కీ మాంసం వేసింది మాత్రం ఆఖరి పదిహేను నిమిషాల్లోనే. అది ఒకసారి ఉడికిన మాంసం, వేడెక్కితే చాలు. ముందే వేసి గంటసేపు మరిగిస్తే మళ్లీ పీచే మిగులుతుంది.

బెండకాయ దగ్గర మన తెలుగువాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. బెండకాయ కోస్తే వచ్చే జిగురు పొడుగాటి చక్కెర గొలుసులతో అయిన పాలిశాకరైడ్. అవి నీటిలో విచ్చుకుని ఒకదానికొకటి అడ్డుపడుతూ రసాన్ని చిక్కబరుస్తాయి. పుల్లదనం తగిలితే గొలుసుల మీది విద్యుదావేశాలు తగ్గి అవి ముడుచుకుంటాయి, జిగురు పల్చబడుతుంది. మన ఇళ్లలో బెండకాయ పులుసులో చింతపండు, వేపుడులో మూతలేని మూకుడు, అంతా ఆ జిగురును వదిలించుకోవడానికే. గంబో వండేవాళ్లకు కావలసింది ఆ జిగురే. అక్కడ బెండకాయ పైసా ఖర్చులేని చిక్కదనం. కేజన్లు గంబోలో టమాటా వేయరు. న్యూ ఆర్లీన్స్ నగరంలో క్రియోల్ అనే జనం ఇళ్లలో కొందరు వేస్తారు. టమాటా వేసినప్పుడు బెండకాయ చిక్కదనం కొంత తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. మాంసం ముట్టని మన వాళ్లు కూరల రసంతో, బెండకాయతో, ముదురు రూతో గంబో చేసుకోవచ్చు. జెలటిన్ ఉండదు కాబట్టి బెండకాయ కాస్త ఎక్కువ వేయండి.

పూర్వం చలికాలంలో తాజా బెండకాయ దొరికేది కాదు. అప్పుడు ఫీలే వాడేవారు. నవంబరు టర్కీ గంబోకు సంప్రదాయంగా నప్పేదీ అదే. ఈ ఆకుల పొడిలోనూ జిగురు గొలుసులే ఉంటాయి. కానీ మరిగే గిన్నెలో వేస్తే తీగలు తీగలుగా సాగుతుంది. అందుకే పొయ్యి దించాక గానీ, పళ్లెంలో వడ్డించాక గానీ చల్లుతారు. ససాఫ్రాస్ వేరు బెరడులో ఉండే సాఫ్రోల్ కేన్సర్ కలిగించవచ్చని తేలడంతో 1960లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని ఆహారంలో నిషేధించింది. ఆకుల్లో సాఫ్రోల్ నామమాత్రమే కనుక ఫీలే అమ్మకానికి అభ్యంతరం లేదు.

వేడన్నం మీద గంబో పోసుకుని తిన్నాం. మా మనవరాలు రొమ్ము ముక్కలే ఏరుకుని తిని రెండోసారి అడిగింది. పొద్దున తాను మొహం చిట్లించిందీ అలాంటి మిగిలిన మాంసానికే.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న సంగతి, తిన్నాక గిన్నెలో మిగిలిన గంబో గురించి. పెద్ద గిన్నె నిండా వండుతారు. “బాగా చల్లారాక ఫ్రిజ్‌లో పెడదాం” అని పొయ్యి మీదే వదిలేసి పడుకుంటారు. ఇది ప్రమాదం. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఒకటుంది. గడ్డు పరిస్థితి వస్తే ఇది గట్టి కవచమున్న బీజాణువుగా మారుతుంది. గంటసేపు మరిగించినా ఆ బీజాణువుల్లో కొన్ని బతికే ఉంటాయి. గిన్నె మెల్లగా చల్లారుతూ 50 డిగ్రీలకు దిగేసరికి అవి మేల్కొంటాయి. 43 నుంచి 47 డిగ్రీల మధ్య వీటికి పండగే. పది నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. లెక్క వేయండి: మూడు గంటల్లో పద్దెనిమిది రెట్టింపులు. ఒక్క బ్యాక్టీరియం 2,62,144 అవుతుంది. తిన్న ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు. అమెరికాలో ఈ బ్యాక్టీరియా తెచ్చే ఆహార విషాలు నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఎక్కువగా బయటపడతాయని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. పండగల్లో పెద్ద గిన్నెల్లో వండి, మెల్లగా చల్లార్చడమే దానికి కారణం.

గంబోతో ఇంకో చిక్కుంది. పల్చటి చారు చల్లారేటప్పుడు పైన చల్లబడిన భాగం కిందికి దిగి, కింది వేడి భాగం పైకి వచ్చి, గిన్నెలో తనంతట తనే కలయిక జరుగుతుంది. చిక్కటి గంబో కదలదు. లోపలి వేడి పొర నుంచి పొరకు పాకుతూ రావాలి. అలా వేడి ప్రయాణించడానికి పట్టే సమయం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇరవై సెంటీమీటర్ల లోతు గిన్నెలోని గంబోను ఐదు సెంటీమీటర్ల లోతు పళ్లాల్లోకి మార్చారనుకోండి. లోతు నాలుగో వంతు, లెక్క ప్రకారం చల్లబడే సమయం పదహారో వంతు. పెద్దావిడ వంటింట్లోనే మా మనవరాలికి ఇది చేసి చూపించాం. రెండు పళ్లాల్లో పోసినది చేత్తో పట్టుకోగలిగేలా అయ్యేసరికి, అసలు గిన్నెలో వదిలిన గంబో మధ్యలో గరిటె పెడితే ఇంకా ఆవిరి వస్తూనే ఉంది.

తొందరగా కావాలంటే గిన్నెను మంచునీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి గరిటెతో కలుపుతూ ఉండండి. గ్రాము మంచు కరగడానికి 80 కెలొరీల వేడి తీసుకుంటుంది. అదంతా గంబో నుంచే పోతుంది. లోతు తక్కువ గిన్నెల్లో పోశాక పూర్తిగా చల్లారేదాకా ఆగనక్కర్లేదు, గోరువెచ్చగా ఉన్నా ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. ఈ కాలపు ఫ్రిజ్‌కు అంత వేడి మోయడం కష్టం కాదు. పక్కన వండిన అన్నం మిగిలితే దాన్నీ బయట వదలకండి. అన్నంలో పెరిగే బ్యాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియాకూ ఇలాంటి బీజాణువులే ఉంటాయి. అది తయారుచేసే విషాల్లో ఒకటి మళ్లీ వేడిచేసినా నశించదు.

పొయ్యి ఆపగానే గడియారం చూసుకోండి. రెండు గంటలు దాటకుండా గంబో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, లేదంటే ఫ్రీజర్‌లో పెట్టాలి. తినేముందు గోరువెచ్చగా కాదు, బుడగలు వచ్చేదాకా, అంటే లోపల కూడా 74 డిగ్రీలు దాటేదాకా మరిగించాలి. లూయిసియానా గంబోకు చెప్పిన ఈ జాగ్రత్తలు హైదరాబాదు పెళ్లింట మిగిలిన బిర్యానీకీ, మీ ఇంట్లో రాత్రి మిగిలిన కోడికూరకూ అక్షరాలా వర్తిస్తాయి. ఇవాళే మీ అమ్మానాన్నలకు చెప్పండి.